బస్సు తాళం, ఐదు అక్షింతలు

కామారెడ్డిలో నా కంప్యూటర్ దుకాణం షట్టరు దించి ఏడాది దాటింది. "యాభై రెండుకే రిటైరా?" అని అడిగినవాళ్లకు నా నడుము చూపిస్తాను. ఇరవై ఏండ్లకు పైగా ఊరివాళ్ల బల్లల కింద దూరిన నడుము అది. నా పని జీవితంలో సగం బల్ల కింద గడిచింది. మిగతా సగం బల్ల కింద నుంచి "ఇప్పుడు వచ్చిందా?" అని అరవడంలో గడిచింది.

ఈ పనిలోకి కొత్తగా వస్తున్నవాళ్లు చాయ్ హోటల్ దగ్గర పట్టుకుని, "అన్నా, ఇంట్లో ప్రింటరు బిగించుడు ఎంతసేపు పని?" అని అడుగుతుంటారు. వైరు పెట్టడానికి నిమిషం. సాఫ్ట్‌వేర్ ఎక్కించడానికి పావుగంట. ఆ ఇంటి మనుషులతో వేగడానికి ఒక పూట. ఆ పూట సంగతి ప్రింటరుతో వచ్చే పుస్తకంలో ఉండదు. అందుకే రాస్తున్నాను.

ఇంకో కారణం కూడా ఉంది. ఎల్లారెడ్డిలో ఒక పెద్దావిడ మీద నేను వేసిన నింద ఒకటుంది. అది దించాలి. నేరుగా ఆ సంగతిలోకి పోవడానికి ధైర్యం చాలక, ముందు నలుగురి మీద నవ్వుతాను. ఆ నవ్వు చివరికి నా మీదికే వస్తుంది, కాస్త ఓపిక పట్టండి.

డబ్బాలో లేనిది

కొత్త ప్రింటరు డబ్బాలో కరెంటు వైరు ఉంటుంది. కంప్యూటరుకు కలిపే వైరు ఉండొచ్చు, ఉండకపోవచ్చు. ఈ ముక్క నాకు బీబీపేటలో తెలిసింది. విత్తనాల దుకాణం నడిపే ఒకాయన ఇంటిల్లిపాదినీ కూర్చోబెట్టి, కొబ్బరికాయ కొట్టి, నన్ను డబ్బా తెరవమన్నాడు. తెరిచాను. అన్నీ ఉన్నాయి, ఆ వైరు లేదు.

"గంతేనా?" అని ఆయన లోపలికి పోయి ఒక స్టీలు డబ్బా తెచ్చాడు. ఆయన పుట్టినప్పటి నుంచి ఆ ఇంట్లోకి వచ్చిన వైర్లన్నీ అందులో ఉన్నాయి. టీవీవి, మిక్సీవి, చచ్చిపోయిన రేడియోది.

"గిండ్ల ఏదో ఒకటి పడుతది చూడు."

ప్రింటరు వైరుకు ఒక కొస పలకగా, ఇంకో కొస చదరంగా ఉంటుంది. మిక్సీ వైరు అలా ఉండదని నాకు తెలుసు. అయినా అంతమంది చూస్తుంటే ఊరికే కూర్చోలేక రెండు మూడు వైర్లు పెట్టి చూసినట్టు నటించాను. ఆ రోజు నుంచి నా బ్యాగులో ఎప్పుడూ రెండు వైర్లు ఉండేవి.

రామారెడ్డిలో రిటైరైన ఒక సారు ప్రింటరు మీది ప్లాస్టిక్ కవరు తీయనివ్వలేదు. "తీస్తే పాతదైతది" అన్నారు. కవరుకు పైన కాగితం పెట్టేంత చీలిక మాత్రం ఆయనే కత్తెరతో చేసుకున్నారు. వారానికి ఫోను, కాగితాలు లోపలే ఉండలు కడుతున్నాయని. నేను పోయేసరికి కవరును మెత్తని బట్టతో తుడుస్తున్నారు.

"చూసినవా, లోపలికి దుమ్ము పోలే."

"కాయితం బయటికి రాలే సార్."

ఆయన రెండు రోజులు నాతో మాట్లాడలేదు. మూడో రోజు కవరు తీసి, దాన్ని మడతపెట్టి బీరువాలో దాచారు.

ఇంకొకటి చెప్పాలి. ప్రింటరు పని చేస్తుందో లేదో చూడడానికి రంగుల గీతలున్న ఒక పేజీ తీస్తాం. మా వైపు ఇండ్లలో మొదటి కాగితంగా దాన్ని ఎవరూ ఒప్పుకోరు. "కొత్త మిషన్ల పస్టు గీతలా వచ్చేది?" అంటారు. మొదటి కాగితం మీద దేవుడే రావాలి. అందుకని నా పెన్‌డ్రైవ్‌లో వినాయకుడు, సరస్వతి, ఏసుప్రభువు, మసీదు మీద నెలవంక, అన్నీ వరుసగా ఉండేవి. ఏ గడపలో ఏది తీయాలో తలుపు మీద చూసుకునేవాడిని. కొత్తవాళ్లకు ఇది చాదస్తంగా అనిపిస్తుంది. నేనేమంటానంటే, ఆ ఇంటివాళ్లకు ఆ మిషన్ మీద నమ్మకం కుదిరేది మీ గీతలతో కాదు, ఆ బొమ్మతో. తీయండి. మీ సిరా ఏం పోదు.

ఉస్తాద్ చొక్కా

నాకు పని నేర్పింది మునీర్ సాబ్. మేమంతా ఉస్తాద్ అనేవాళ్లం. గొప్ప పనిమంతుడు, మహా చాదస్తుడు. కొత్త ప్రింటరులో కదిలే భాగాలు కదలకుండా నారింజ రంగు టేపులు అతికించి పంపుతారు. ఒక్కటి మరిచిపోయి స్విచ్చి నొక్కితే లోపల పళ్లు కొరుక్కుంటుంది. ఉస్తాద్ ఒక్కో టేపు తీసి తన ఎడమ చొక్కా చేతికి అతికించుకునేవాడు. డబ్బాలో వచ్చిన కాగితంలో ఎన్ని టేపుల బొమ్మలుంటే చొక్కా మీద అన్ని ఉండాలి. అప్పుడే వైరు. పని అయ్యాక ఆ టేపులతోనే బజారులో నడిచి వచ్చేవాడు, బ్యాండు మేళం వాడి చొక్కా వేసుకున్నట్టు.

"ఉస్తాద్, టేపులు పీకేయండి, నవ్వుతున్నరు" అంటే, "నవ్వనియ్ బేటా. నా తలకాయ మరుస్తది, చొక్కా మరువది" అనేవాడు.

సిరా ట్యాంకుల ప్రింటర్లు వచ్చాక ఇంకో తలనొప్పి వచ్చింది. కొన్ని రకాల్లో పక్కన చిన్న మీట ఉండేది. మిషన్‌ను ఒకచోటి నుంచి ఇంకోచోటికి తీసుకుపోయేటప్పుడు సిరా ఒలకకుండా దాన్ని అటు తిప్పాలి. ఇంట్లో పెట్టాక మళ్లీ ఇటు తిప్పాలి. తిప్పకపోతే సిరా ట్యాంకు నుంచి ముందుకు పోదు. గొట్టాల్లో మిగిలిన సిరాతో నాలుగు రోజులు నడిచి, తర్వాత తెల్ల కాగితాలు వస్తాయి.

ఉస్తాద్ దానికి బస్సు తాళం అని పేరు పెట్టాడు. "అరే, మిషన్ బస్సెక్కినప్పుడు తాళం వెయ్యి. ఇల్లు వచ్చినంక బస్సు దిగాలె గద! దింపకుంట వచ్చినవనుకో, అది ఇంక సీట్లనే కూసుంటది."

అందరం నవ్వాం. నేను అందరికంటే గట్టిగా నవ్వాను.

ఐదు గింజలు

ఎనిమిదేండ్ల కిందటి మాట. ఎల్లారెడ్డిలో స్వరూప అనే ఆమె ఇంటి ముందు గదిలో ప్రింట్లు తీసే పని పెట్టుకుంది. భర్త గల్ఫ్‌లో ఉండేవాడు. ఇంట్లో కంప్యూటరు అప్పటికే ఉంది. కొత్త ప్రింటరు నా దుకాణంలోనే తీసుకుంది. నేను కామారెడ్డిలోనే సిరా నింపి, నడిపి చూసి, బస్సు తాళం వేసి, ఒళ్లో పెట్టుకుని ఎల్లారెడ్డి బస్సెక్కాను.

స్వరూప అత్త రాజవ్వ గడపలోనే ఎదురొచ్చింది. ఆ వాడలో కొత్త వస్తువు ఏది వచ్చినా ముందు బొట్టు పెట్టేది ఆమే. ట్రాక్టరు కొన్నా, కుట్టు మిషన్ కొన్నా, బోరు మోటరు దింపినా "రాజవ్వను పిలువుండ్రి, ఆమె చెయ్యి మంచిది" అనేవారు. వాడంతా ఆమెకిచ్చిన పదవి అది. జీతం లేదు, గౌరవం మాత్రం చాలా.

"ఇంత చిన్నగుంది, ఇది గిన్ని కాయితాలు మింగుతదా బిడ్డా?"

"మింగదవ్వా, కక్కుతది."

"థూ, శుభమాని కక్కుడేంది!" అని నా నెత్తి మీద ఒకటి వేసి, ప్రింటరుకు పసుపు కుంకుమ పెట్టి, మూత మీద అక్షింతలు వేసింది. స్వరూప అడ్డం పడింది. "అత్తమ్మా, లోపల పడ్తయే."

"మూత మీదనే వేసిన తియ్."

ఆ రోజు కామారెడ్డిలో నాకు ఇంకో ఇంటి పని ఉంది. గడియారం చూసుకుంటూ వైరు కలిపి, సాఫ్ట్‌వేర్ ఎక్కించి, వినాయకుడిని తీశాను. బ్రహ్మాండంగా వచ్చాడు. మిషన్‌ను గోడ వైపు జరిపి, అవ్వ ఇచ్చిన చాయ్ తాగి బస్సు పట్టుకున్నాను. మిషన్ మాత్రం బస్సు దిగలేదు.

ఐదో రోజు స్వరూప ఫోను. కాలేజీ అప్లికేషన్లకు అదే ఆఖరి రోజు, గది నిండా పిల్లలు, ప్రింటరు తెల్ల కాగితాలు ఇస్తోంది. పరుగున పోయాను. గడప దగ్గర పది పన్నెండు మంది పిల్లలు, వాళ్ల వెనక వాడ జనం. "వచ్చిండు, వచ్చిండు" అని దారి ఇచ్చారు. అంబులెన్సు వచ్చినంత మర్యాద.

మిషన్‌ను ఇటు తిప్పగానే పక్కన మీట కనబడింది. నేను బస్సు కోసం తిప్పినట్టే ఉంది.

ఒక్క మాట అంటే అయిపోయేది. "నేను మరిచిన, మాఫ్ చెయ్యండి." అంతే. కానీ అంతమంది ముందు, భుజాన బ్యాగు వేసుకుని, కామారెడ్డి నుంచి వచ్చిన మనిషిని. ఏదో చూస్తున్నట్టు వెనక కాగితాలు పెట్టే అర వైపు వంగాను. అక్కడ అడుగున పచ్చగా మెరుస్తున్నాయి, ఐదు అక్షింత గింజలు. మూత మీదివి, నేను మిషన్ జరిపినప్పుడు జారి ఉంటాయి. వేలితో తీసి అరచేతిలో పెట్టి అందరికీ చూపించాను.

"ఇగో. ఇవే."

స్వరూప అత్త వైపు తిరిగింది. "చెప్పిన్నా లేదా అత్తమ్మా? చెప్పిన్నా లేదా?"

రాజవ్వ నా అరచేతిలోకి చూసింది. అడిగింది. "కాయితం పోయే తొవ్వల గింజలు పడ్డయంటున్నవ్. మరి కాయితం మంచిగనే వస్తుంది గద బిడ్డా. రానిది సిరా. గట్టు మీద రాయి పడితే కాలువల నీళ్లు ఆగుతయా?"

ఇరవై ఏండ్లలో ఇంత సరైన ప్రశ్న నన్ను ఏ ఇంజినీరూ అడగలేదు. కాగితం నలిగితే దారి తప్పు, తెల్లగా వస్తే సిరా తప్పు. మా పనిలో మొదటి పాఠం అది. ఆమె వరి మళ్లకు నీళ్లు కట్టి నేర్చుకుంది, నేను ఉస్తాద్ దగ్గర నేర్చుకుని మింగేశాను.

"అవ్వా, లోపల సెన్సార్ ఉంటది. అది గింజను పట్టి సిగ్నల్ ఆపుతది. హెడ్ లాక్ అయితది. నీకు సమజ్ కాదు."

అందులో లాక్ అన్న ఒక్క మాటే నిజం.

అందరూ అరచేతిని చూస్తుంటే ఇంకో చేత్తో మీట తిప్పాను. సిరా చిమ్మే హెడ్‌ను మూడుసార్లు శుభ్రం చేయించాను. కాసేపటికి సిరా దిగింది, అక్షరాలు నల్లగా వచ్చాయి. గింజలు తీశాడు, మిషన్ నడిచింది. ఇంతకన్నా రుజువు ఎవరికి కావాలి? పిల్లల అప్లికేషన్లు పోయాయి. స్వరూప కళ్లు తుడుచుకుంది. రాజవ్వ లోపలికి పోయి, మళ్లీ నాకు చాయ్ తెచ్చింది. ఆ చాయ్ కూడా తాగాను.

సాయన్న ఇంట్లో

రెండు మూడేండ్ల తర్వాత అదే వాడలో సాయన్న అనే ఆయన, బిడ్డ చదువుకని ప్రింటరు కొన్నాడు. బిగించడానికి పోయాను. ఈసారి ముందు తాళం తీశాను, చెప్పాలా! అంతా సిద్ధం చేసి, "రాజవ్వను పిలుస్తరా?" అన్నాను.

సాయన్న నన్ను వింతగా చూశాడు. "రాజవ్వనా? నువ్వే గదనే చెప్పింది, ఆమె అక్షింతలతోని మిషన్ ఆగిందని! అప్పట్నుంచి ఎవ్వలు పిలుస్తలేరు. నేను ట్రాక్టరు కొన్నప్పుడు గూడ పిలువలే. ఆమె గూడ కొత్త వస్తువున్న ఇంటి దిక్కు వస్తలేదు."

కిటికీలోంచి చూశాను. ఎదురు వరుసలో, తన ఇంటి అరుగు మీద రాజవ్వ కూర్చుని ఉంది. సాయన్న ఇంటి ముందు డబ్బా విప్పిన అట్టలు పడి ఉన్నాయి. ఆమె అటు తప్ప అన్ని వైపులా చూస్తోంది.

మొదటి తప్పుకు నాకు సాకులున్నాయి. తొందర, జనం, పరువు. ఆ రోజు సాయన్న ఇంట్లో ఏవీ లేవు. ఉన్నది ఒక్క సాయన్న. తొందర లేదు. అయినా, "అవునా" అని మాత్రం అన్నాను. ఆ "అవునా"ను నేను ఇన్నేండ్లు మోశాను. గింజలు చూపించిన దానికంటే అది పెద్ద తప్పు.

కొత్తవాళ్లకు సూటిగా చెప్తాను. మన పనిలో అన్నింటికన్నా సులువైనది తప్పు ఇంటివాళ్ల మీద వేయడం. లోపల ఏముందో వాళ్లకు తెలియదు, మనం ఏది చెప్తే అది. మునీర్ సాబ్ చొక్కాకు టేపులు అతికించుకుని బజారులో నడిచింది మతిమరుపుకు మందుగా అనుకున్నాను. తప్పు జరిగితే తన మీదే కనబడనీ అని కూడా అయి ఉంటుందని ఇప్పుడు అనుకుంటాను.

మొదటి కాయితం

పోయిన నెల స్వరూప ఫోను చేసింది. "అన్నా, పాతది సచ్చింది. కొత్త ప్రింటరు తెచ్చుకున్న. దుకాణం బంద్ పెట్టినవని తెలుసు. గని నువ్వే రావాలె."

పోయాను. ఈసారి ప్రింటరు నా ఒళ్లో కాదు, అక్కడే ఉంది. రాజవ్వ బయట అరుగు చివర కూర్చుని చిక్కుడుకాయలు ఈనెలు తీస్తోంది. నేను లోపలికి పోకుండా ఆమె పక్కన కూర్చున్నాను.

"ఏం బిడ్డా, నడుం విరిగిందట గద? మిషన్లతోటేనా?"

"బల్లలతోటి అవ్వా. నీకొక మాట చెప్పాలె. ఆ రోజు మిషన్ ఆగింది నీ గింజలతోని కాదు. నేను దాని తాళం తియ్యలే. మరిచిన. నీ మీద పెట్టిన."

ఆమె చేతిలో కాయ ఈనె పూర్తిగా తీసి, గిన్నెలో వేసింది.

"తెలుసు."

"తెలుసా?"

"గట్టు మీద రాయి సంగతి ఆన్నాడే అడిగిన. నువ్వు ఇంగ్లీషుల మాట్లాడినవ్. ఇంగ్లీషుకు నేనేం జవాబు చెప్తరా?"

"మరి వాడల ఎవరికీ ఎందుకు చెప్పలే?"

"నేను చెప్తే, తప్పు చేసి బొంకుతుంది ముసల్ది అంటరు. నువ్వైతే బ్యాగున్నోనివి."

నేను కాళ్లకు వంగబోతే కొంగుతో కొట్టింది. "కాళ్లు ఏం చేసినయ్? నోరు తెరు. గింజలు ఎవరి ముందల చూపించినవో వాళ్ల ముందల చెప్పు. లే."

డెబ్బై దాటిన మనిషి ముందు నడుస్తుంటే, యాభై రెండేండ్ల మనిషిని నడుము పట్టుకుని వెనక నడిచాను. ఇంటింటికీ. ఆమె గడప దగ్గర ఆగి, "ఈ పిలగాడు ఏదో చెప్తడట, వినుండ్రి" అని పక్కకు జరిగి నిలబడేది. మొదటి ఇంట్లో నేల చూస్తూ గొణిగాను. మూడో ఇంటికి గొంతు వచ్చింది. ఐదో ఇంట్లో కొంచెం కథలా చెప్తుంటే అవ్వ వీపు మీద పొడిచింది. "సిన్మా చెయ్యకు. తాళం మరిచిన అను, చాలు."

సాయన్న విని తల గోక్కున్నాడు. "అంటే నా ట్రాక్టరుకు మల్ల పూజ చేపియ్యాల్నా?"

"నేను ఖాళీగ లేను" అంది రాజవ్వ. తర్వాత, "రేపు రమ్మను, చూస్త" అంది. అతనితో కాదు, నాతో.

తిరిగి వచ్చేసరికి స్వరూప గడపలో నిలబడి ఉంది. అంతా విన్నదని మొహమే చెప్పింది. "అత్తమ్మా..." అంది. "చాయ్ పెట్టు పో" అంది రాజవ్వ. "ఈయనకు చక్కెర తక్కువ వెయ్."

"అవ్వా, ఆన్నాడు వచ్చిన పిల్లలు ఎక్కడెక్కడ ఉన్నరో. వాళ్లకెట్ల చెప్పాలె?" అన్నాను.

"నీ పనేంది? అచ్చు తీసుడే గద. రాసి తియ్యి. ఈ గదిల అతికియ్యి. వచ్చెటోడు చదువుతడు, పోయెటోడు చెప్తడు."

స్వరూప కంప్యూటరు ముందు కూర్చుని అరపేజీ టైపు చేశాను. ఇప్పుడు మీరు చదువుతున్నది పెరిగి ఇంతైన ఆ అరపేజీయే. టేపులు ఒక్కొక్కటీ తీసి ఎడమ చొక్కా చేతికి అతికించుకున్నాను. తాళం తీశాను. వైరు కలిపాను. సాఫ్ట్‌వేర్ ఎక్కించాను. అలవాటుగా పెన్‌డ్రైవ్ తీసి వినాయకుడిని వెతుకుతుంటే అవ్వ ఆపింది.

"మొదటి కాయితం నీదే రావాలె. దేవుడు రెండోదాని మీద వస్తడు తియ్. ఆయనకు ఓపిక ఎక్కువ."

స్వరూప తానే పసుపు కుంకుమ పళ్లెం తెచ్చి అత్త చేతికిచ్చింది. రాజవ్వ ప్రింటరుకు బొట్టు పెట్టింది. గుప్పిట్లో అక్షింతలు తీసుకుని, చెయ్యి మూత మీదికి తెచ్చి, గాలిలోనే ఆపి నన్ను చూసింది.

"వద్దంటవా?"

"వెయ్యవ్వా."

గుప్పిట సడలించి, ఒక్కో గింజే మూత మీద పెట్టింది. ఒకటి. రెండు. మూడు. నాలుగు. ఐదు. మిగిలినవి పళ్లెంలో వేసి చేతులు దులుపుకుంది.

"ఐదే. లెక్కపెట్టుకున్నవ్ గద? మల్ల ఆగిందనుకో, ఆరోది చూపియ్యకు."

నేను మిషన్ పక్కకు చెయ్యి పోనిచ్చి, తాళం ఎటుందో ఇంకోసారి తడిమి చూసుకున్నాను. ఆ తర్వాతే ప్రింటు నొక్కాను.